కొస మాత్రమే మారే పనిముట్టు

రక్తంలోంచి కణాలన్నిటినీ తీసేస్తే లేత పసుపురంగు ద్రవం మిగులుతుంది. అది ఒక్క మిల్లీలీటరు తీసుకుంటే అందులో సుమారు 10 మిల్లీగ్రాముల ఐజీజీ ఉంటుంది. యాంటీబాడీల్లో రక్తంలో ఎక్కువగా తిరిగే రకం ఇదే. ఆ పది మిల్లీగ్రాముల్లో ఎన్ని అణువులున్నాయో లెక్క కడితే దాదాపు నాలుగు వందల కోట్ల కోట్లు తేలతాయి. బరువులోనూ ఆకారంలోనూ అన్నీ ఒకే పోలిక. కాని ఒకటి పట్టుకున్నదాన్ని పక్కది పట్టుకోలేకపోవచ్చు. చిన్నప్పుడు వేయించుకున్న ధనుర్వాతం టీకా వల్ల పుట్టినవి కొన్ని, ఎప్పుడో వచ్చి తగ్గిన ఆటలమ్మ వల్ల పుట్టినవి కొన్ని, నిరుడు నాలుగు రోజులు మంచాన పడేసిన ఫ్లూ వల్ల పుట్టినవి ఇంకొన్ని.

యాంటీబాడీని మెచ్చుకునేవాళ్ళు మామూలుగా దాని వైవిధ్యాన్నే మెచ్చుకుంటారు. ఇంకా లోకంలో పుట్టని క్రిమికి కూడా సరిపడే పట్టు మన ఒంట్లో ముందే సిద్ధంగా ఉండవచ్చంటే అబ్బురమే మరి. అయితే దగ్గరికి వెళ్ళి చూసేకొద్దీ నాకు అంతకన్నా పెద్దగా కనిపించేది దాని కట్టడి. మార్పును ఎక్కడ రానివ్వాలి, ఎంతవరకు రానివ్వాలి, ఎక్కడ ఒక్క అక్షరం కూడా కదలకూడదు అన్న విచక్షణ ఈ అణువు నిర్మాణంలోనూ, అది తయారయ్యే తీరులోనూ అడుగడుగునా ఉంది.

ఐజీజీ అణువు చూడటానికి పంగలకర్రలా ఉంటుంది. పైన రెండు చేతులు, కింద ఒక కాడ, మూడూ కలిసేచోట ఒక కీలు. మొత్తం కొలత మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా కొంచెం ఎక్కువ. ఇంత చిన్న వస్తువులో ఈ భాగాలున్నాయని కంటితో చూడకముందే తేల్చారు. 1950ల చివర లండన్‌లో రాడ్నీ పోర్టర్ కుందేలు రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను పపెయిన్‌తో కోశాడు. పపెయిన్ బొప్పాయి పాలలో ఉండే ఎంజైమ్. మాంసం మెత్తగా ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేసేది దీనికోసమే. ప్రోటీన్లను నమిలేసే ఈ ఎంజైమ్ యాంటీబాడీని మాత్రం చిత్తుచిత్తు చేయలేదు, దాదాపు సమానమైన మూడు ముక్కలు చేసి ఆగింది. వాటిలో రెండు ముక్కలకు పరాయి పదార్థాన్ని పట్టుకునే శక్తి ఉంది. మూడోది దేన్నీ పట్టుకోలేదు. కాని చల్లగా ఉంచితే స్ఫటికం కట్టింది.

ఆ స్ఫటికంలోనే అసలు సంగతంతా ఉంది. ఏ తేడా లేని అణువులే వరసగా పేరుకుని స్ఫటికమవుతాయి. కుందేలు ఒంట్లో లెక్కలేనన్ని రకాల యాంటీబాడీలున్నాయి. వాటన్నిటి నుంచీ తెగివచ్చిన మూడో ముక్కలు కలిసి స్ఫటికం కట్టాయంటే, ఆ ముక్క అన్నిటిలోనూ ఒకటేనన్నమాట. పట్టుకునే చేతుల్లో తేడాలుంటాయి, కాడ ఒకటే. న్యూయార్క్‌లో జెరాల్డ్ ఎడెల్మన్ అదే అణువును ఇంకో దారిలో విడదీశాడు. గొలుసులను కలిపి ఉంచే గంధకపు బంధాలను తెంపి, అణువులో రెండు రకాల గొలుసులున్నాయని చూపించాడు. ఈ ఇద్దరికీ కలిపి 1972లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు భాగాలను దగ్గరగా చూద్దాం. అణువులో నాలుగు గొలుసులు. ఒకేలాంటి రెండు బరువు గొలుసులు, ఒకేలాంటి రెండు తేలిక గొలుసులు. బరువు గొలుసులో దాదాపు 450 ఎమైనో ఆమ్లాలు, తేలిక గొలుసులో అందులో సగానికి కాస్త తక్కువ. ఈ గొలుసులు ఊరికే వేలాడవు. సుమారు 110 ఎమైనో ఆమ్లాలకు ఒకటి చొప్పున గట్టి ముడతలు పడతాయి. బరువు గొలుసులో అలాంటి ముడతలు నాలుగు, తేలిక గొలుసులో రెండు. నాలుగు గొలుసులకూ కలిపి పన్నెండు. ప్రతి ముడతలోనూ గొలుసు ముందుకూ వెనక్కూ నడిచి రెండు పలకలుగా ఏర్పడుతుంది. ఆ రెండు పలకలూ ఎదురెదురుగా ఒరుసుకుంటాయి. వాటి మధ్య ఒక గంధకపు బంధం అడ్డంగా మేకులా దిగుతుంది. పన్నెండు ముడతలకూ ఇదే పద్ధతి.

పలక ఒక అంచు దగ్గర ముగిసి గొలుసు వెనక్కి తిరిగేచోట చిన్న మెలిక వస్తుంది. చేతి చివరి ముడతలో ఇలాంటి మెలికలు మూడు బయటికి పొడుచుకుని ఉంటాయి. బరువు గొలుసువి మూడు, తేలిక గొలుసువి మూడు, మొత్తం ఆరు మెలికలు ఒక్కచోటికి చేరి చేతి కొసను తయారుచేస్తాయి. క్రిమిని తాకేది ఆ కొసే. 1970లో టై టె వూ, ఎల్విన్ కబాట్ అనే ఇద్దరు అప్పటికి తెలిసిన గొలుసుల వరసలను ఒకదాని కింద ఒకటి రాసి, ఏ స్థానంలో ఎంత తేడా వస్తోందో లెక్కపెట్టారు. తేడాలు గొలుసంతా చెదిరి లేవు. మూడే మూడు చోట్ల గుంపుగా ఉన్నాయి. పట్టు ఉండేది అక్కడేనని వాళ్ళు ఊహించారు. తర్వాత ఎక్స్-కిరణాలతో ఆకారం తేలినప్పుడు ఆ మూడూ సరిగ్గా కొసన ఉన్న మెలికలే అయ్యాయి.

మెలికల్లోనే మార్పును పెట్టడంలో ఎంత తెలివి ఉందో చూడండి. పలకల్లోని ఎమైనో ఆమ్లాలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడేవి. అక్కడ ఇష్టం వచ్చినట్టు మారిస్తే ముడత మొత్తం విప్పుకుపోతుంది. మెలిక అలా కాదు. దాని రెండు మొదళ్ళూ పలకలకు గట్టిగా అతికి ఉంటాయి. మధ్య భాగం గాలిలోకి ఉంటుంది. అక్కడ ఏ ఎమైనో ఆమ్లం వచ్చినా, రెండు మూడు ఎక్కువైనా తక్కువైనా కట్టడం చెక్కుచెదరదు. కొసన గుంట పడవచ్చు, గాడి పడవచ్చు, బొడిపె లేవవచ్చు. చక్కెర కొమ్మనో, విషపు ప్రోటీనునో, వైరస్ ముల్లు చివరనో పట్టడానికి ఆ ఆకారాలు చాలు.

చేతులకూ కాడకూ మధ్య ఉన్న కీలు ఇంకో ముచ్చట. ఇక్కడ గొలుసు ముడత పడకుండా బిగువు లేకుండా ఉంటుంది. అందుకే పపెయిన్ ఇక్కడే కోయగలిగింది. కీలు ఉండబట్టి రెండు చేతులూ దగ్గరికీ రాగలవు, దూరానికీ చాచుకోగలవు, మెలి కూడా తిరగగలవు. క్రిమి ఒంటిమీద ఒకే గుర్తు చాలాచోట్ల ఉంటుంది, కాని వాటి మధ్య ఎడం అన్ని క్రిములకూ ఒకటి కాదు. కీలు ఆ ఎడానికి తగ్గట్టు సర్దుకుంటుంది. రెండు చేతులూ దొరికాక పట్టు రెట్టింపవడం కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒక చేయి జారినా రెండోది వదలలేదు కనుక జారిన చేయి వెంటనే మళ్ళీ పట్టుకుంటుంది.

ఇక కాడ. పట్టుకున్న తర్వాత జరగాల్సిన పనంతా దీనిదే. భక్షక కణాల మీద కాడను అందుకునే గ్రాహకాలుంటాయి. యాంటీబాడీలు అంటుకున్న క్రిమిని అవి కాడలు పట్టుకుని మింగేస్తాయి. రక్తంలో తిరిగే కాంప్లిమెంట్ ప్రోటీన్లు కూడా కాడలకే తగులుకుని క్రిమి పొరకు చిల్లులు పెట్టే పని మొదలుపెడతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కాడలు రక్తం నిండా ఉన్నాయి కదా, మరి ఈ పని ఊరికే ఎందుకు మొదలవదు? ఒంటి కాడకు అవి కదలవు కనుక. కాంప్లిమెంటులో మొదటి ప్రోటీనుకు ఆరు తలలుంటాయి, ఒక్క తల పట్టు బలహీనం. యాంటీబాడీలు క్రిమి మీద పక్కపక్కన గుమిగూడినప్పుడే చాలా తలలకు ఒకేసారి కాడలు దొరికి పట్టు నిలుస్తుంది. భక్షక కణం కూడా తన గ్రాహకాలు కొన్ని ఒకచోటికి లాగబడితేనే లేస్తుంది. ఒంటరిగా ఈదుతున్న యాంటీబాడీ ఎంత ఉన్నా గొడవ ఉండదు.

కాడకు ఇంకో రహస్యం ఉంది, అదే ఐజీజీకి ఆయుష్షు పోస్తుంది. రక్తనాళాల లోపలి కణాలు ఎప్పుడూ చుట్టూ ఉన్న ద్రవాన్ని చిన్న చిన్న సంచుల్లోకి తాగుతుంటాయి. ఆ సంచి లోపలికి పోయేకొద్దీ పులుస్తుంది, అందులోని ప్రోటీన్లు చివరికి జీర్ణమైపోతాయి. కాని సంచి గోడ మీద ఒక గ్రాహకం ఉంటుంది. పులుపులో అది ఐజీజీ కాడను గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుని మళ్ళీ కణం ఉపరితలానికి తెస్తుంది. అక్కడ రక్తంలో పులుపు ఉండదు, పట్టు దానంతటదే వదులుతుంది. కాడలో సరైన చోట ఉన్న హిస్టిడిన్ అనే ఎమైనో ఆమ్లాలు కొన్ని పులుపుకు విద్యుదావేశం తెచ్చుకుని, పులుపు తగ్గగానే పోగొట్టుకోవడమే ఈ కిటుకు. తాళంచెవి, కాపలా ఏమీ అక్కర్లేదు. దీనివల్ల రక్తంలోని ఐజీజీ సగానికి తగ్గడానికి మూడు వారాల దాకా పడుతుంది. తల్లి మావిలో కూడా ఇదే గ్రాహకం ఉంది. అందుకే కడుపులోని బిడ్డకు తల్లి రక్తం నుంచి అందే యాంటీబాడీ ఐజీజీ ఒక్కటే. అది ఎక్కువగా చివరి మూడు నెలల్లో అందుతుంది. నెల తక్కువ బిడ్డలకు అంటురోగాల భయం ఎక్కువ కావడానికి ఇదీ ఒక కారణం.

వస్తువు అర్థమైంది. ఇక తయారీ. మనిషికి ప్రోటీన్లు చేసే జన్యువులు మొత్తం 20 వేల చిల్లర. ఒక్కో కొసకు ఒక్కో జన్యువు అనుకుంటే లక్షల కొసలకు ఎక్కడా చోటు చాలదు. పైగా ఒకే గొలుసులో కొస మారుతూ, కాడ మారకుండా ఎలా ఉంటుంది? ఒక గొలుసుకు రెండు జన్యువులు ఉండి, అవి తర్వాత కలుస్తాయేమోనని 1965లో విలియం డ్రయర్, క్లాడ్ బెన్నెట్ ఒక ఊహ చేశారు. ఒక జన్యువుకు ఒక గొలుసు అని నమ్మిన కాలంలో అది విపరీతంగా తోచింది. 1976లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సుసుము టొనెగావా, నొబుమిచి హొజుమి దాన్ని నిరూపించారు. ఎలుక పిండం కణాల డీఎన్ఏనూ, యాంటీబాడీ చేసే కణితి డీఎన్ఏనూ ఒకే రకంగా కోసి పోల్చారు. పిండంలో కొస జన్యువూ కాడ జన్యువూ వేర్వేరు ముక్కల్లో దొరికాయి. కణితిలో రెండూ ఒకే ముక్కలోకి వచ్చేశాయి. అంటే ఆ కణం బతికుండగానే తన డీఎన్ఏను కోసి, తిరిగి అతుక్కుంది. టొనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది.

బరువు గొలుసు జన్యువు 14వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందులో వి అనే ముక్కలు పనికొచ్చేవి సుమారు 40, డి ముక్కలు 23, జె ముక్కలు 6 వరసగా ఉంటాయి. ఎముక మజ్జలో, యాంటీబాడీలు చేసే ప్రతి బి-కణమూ ఒక డి-నీ ఒక జె-నీ ముందు అతుకుతుంది, ఆ తర్వాత ఒక వి-ని తెచ్చి వాటికి కలుపుతుంది. తేలిక గొలుసుకు వి, జె రెండే. రెండు గొలుసుల ముక్కలనూ హెచ్చవేస్తే సుమారు 17 లక్షల జతలు వస్తాయి. కోసేది ర్యాగ్ అనే జంట ఎంజైమ్. ఎక్కడ కోయాలో చెప్పే గుర్తు ప్రతి ముక్క పక్కనే రాసి ఉంటుంది. ఏడు అక్షరాల గుర్తు, తర్వాత కొంత ఖాళీ, తర్వాత తొమ్మిది అక్షరాల గుర్తు. ఖాళీ 12 అక్షరాలైనా ఉంటుంది, లేదా 23 అక్షరాలు. డీఎన్ఏ మెలికలో మొదటిది ఇంచుమించు ఒక చుట్టు, రెండోది రెండు చుట్లు. ర్యాగ్ ఎప్పుడూ ఒక 12నూ ఒక 23నూ జతకట్టి పట్టుకుంటేనే కోస్తుంది.

ఈ నియమం ఎంత పని చేస్తుందంటే, బరువు గొలుసులో వి పక్కన 23, జె పక్కన కూడా 23, డి-కి రెండు వైపులా 12 ఉంటాయి. కాబట్టి వి నేరుగా జె-కి అతకడం కుదరదు, డి-ని దాటిపోయే దారి లేదు. వి పోయి ఇంకో వి-కి అతుక్కోదు. ఎవరూ దగ్గరుండి చూడనవసరం లేకుండా, రాసిపెట్టిన ఖాళీల పొడవు ఒక్కటే వరస తప్పకుండా కాపాడుతోంది. నాకు ఈ మొత్తం యంత్రాంగంలో అన్నిటికన్నా నచ్చే వివరం ఇదే.

కోత ఇంత ఖచ్చితం. అతుకు మాత్రం కావాలనే అడ్డదిడ్డం. ర్యాగ్ కోసిన డీఎన్ఏ చివరలు తమలో తాము మూసుకుపోయి ఉంటాయి. వాటిని ఆర్టెమిస్ అనే ఎంజైమ్ మధ్యలో కాకుండా ఎక్కడో ఒకచోట తెరుస్తుంది. కొన్ని అక్షరాలు రాలిపోతాయి. ఆపైన టీడీటీ అనే ఎంజైమ్ వచ్చి ఏ మూలప్రతీ చూడకుండా తోచిన అక్షరాలను చేరుస్తుంది. డీఎన్ఏను చూసి రాయడమే పనిగా ఉన్న కణంలో చూడకుండా రాసే ఎంజైమ్ ఇది. ఆ తర్వాతే అతుకు పడుతుంది. ఈ గజిబిజి జరిగే చోటు, చేతి కొసన నట్టనడుమ ఉండే మూడో మెలికకు అచ్చంగా సరిపోతుంది. 17 లక్షల లెక్క దీంతో ఎన్నో రెట్లు దాటిపోతుంది. ఖరీదు కూడా ఉంది. జన్యువును మూడేసి అక్షరాలుగా చదవాలి కనుక ఇలాంటి అతుకుల్లో మూడింట రెండు చదవడానికి పనికిరావు. కణానికి జతలోని రెండో క్రోమోజోమ్ మీద ఇంకో అవకాశం ఉంటుంది. అదీ తప్పితే ఆ కణం చచ్చిపోతుంది.

బరువు గొలుసు కుదిరిందో లేదో చూడటానికి కణం ముందు ఒక తాత్కాలిక తేలిక గొలుసును జతచేసి పరీక్షిస్తుంది. నెగ్గితేనే అసలు తేలిక గొలుసు ముక్కలను కోయడం మొదలుపెడుతుంది. రెండూ కలిశాక ఆ యాంటీబాడీని తన ఒంటిమీద నిలుపుకుంటుంది, దాదాపు లక్ష ప్రతులు, అన్నీ ఒకే కొసతో. మజ్జలోనే అది సొంత ఒంటి భాగాన్ని పట్టుకుంటే ప్రమాదం. అలాంటి కణానికి తేలిక గొలుసును మళ్ళీ కోసి మార్చుకునే వీలు ఇస్తుంది శరీరం. మారాక కూడా సొంతవాళ్ళనే పట్టుకుంటే దాన్ని ఉంచదు. ర్యాగ్ పనిచేయకుండా పుట్టిన పసిబిడ్డకు బి-కణాలూ ఉండవు, వాటికి తోడుగా పనిచేసే టి-కణాలూ ఉండవు. మూలకణ మార్పిడి వంటి చికిత్స అందకపోతే మొదటి ఏడాది రెండేళ్ళలోనే అంటురోగాలు ఆ బిడ్డను తీసుకుపోతాయి.

కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన ఈ బిళ్ళ లోపల జరిగేది రెండో విడత పనితనం. పుండు నుంచి వచ్చిన క్రిమి ముక్కలను అక్కడ వేచి ఉన్న బి-కణాల్లో ఏదో ఒకటి తన కొసతో పట్టుకుంటుంది. పట్టు అంత గట్టిది కాకపోవచ్చు. కణం దాన్ని లోపలికి లాక్కుని, ముక్కలు చేసి, కొన్ని ముక్కలను ఉపరితలం మీద చూపిస్తుంది. ఆ ముక్కను గుర్తించే టి-కణం దొరికి సరేనంటేనే ముందుకు కదలిక. రెండు వేర్వేరు కణాలు రెండు వేర్వేరు తీరుల్లో ఒకే క్రిమిని గుర్తించాలి. ఒక్కరి పొరపాటు చాలదు.

అనుమతి దొరికిన బి-కణం ఆరు నుంచి పన్నెండు గంటలకోసారి విభజన చెందుతూ గుంపు కడుతుంది. అప్పుడు ఏఐడీ అనే ఎంజైమ్ రంగంలోకి దిగుతుంది. 1999లో జపాన్‌లో తసుకు హోంజో బృందం కనిపెట్టిన ఎంజైమ్ ఇది. సి అక్షరాన్ని యు-గా మార్చడం దీని పని. కణం దాన్ని సరిదిద్దబోయి తప్పు అక్షరం పెడుతుంది. ఒక్కో విభజనకు వెయ్యి అక్షరాలకు ఒకటి చొప్పున, అంటే మామూలుకన్నా దాదాపు పది లక్షల రెట్లు ఎక్కువగా మార్పులు పడతాయి. కాని ఎక్కడ? జన్యువు మొదలైన కొంచెం దూరం నుంచి కొస భాగం మీదుగా సాగి, కాడ భాగం రాకముందే ఆగిపోతాయి. మార్పు పొందిన ప్రతి కణమూ బిళ్ళలోని ఇంకో వైపుకు పోయి, అక్కడ నిలిపి ఉంచిన క్రిమి ముక్కల కోసం తోటి కణాలతో పోటీపడాలి. ఎక్కువ లాక్కున్నదానికి టి-కణం సాయం ఎక్కువ. అది మళ్ళీ విభజనకు పోతుంది. మిగిలినవి చచ్చిపోతాయి. వారాల తరబడి ఇలా తిరిగి తిరిగి కొసల పట్టు వందల రెట్లు పదునెక్కుతుంది.

టి-కణం అనుమతి ఎంత అవసరమో టైఫాయిడ్ టీకా చెబుతుంది. టైఫాయిడ్ క్రిమి పైపొర చక్కెర గొలుసుతో చేసింది. టి-కణాలు మామూలుగా చూసేవి ప్రోటీన్ ముక్కలనే, చక్కెర వాటి కంటికి ఆనదు. అందుకే ఒట్టి చక్కెరతో చేసిన పాత టీకా రెండేళ్ళలోపు పిల్లలకు పనికిరాలేదు. ఆ చక్కెరను ధనుర్వాతపు ప్రోటీనుకు రసాయనికంగా అతికించి కొత్త టీకా చేశారు. బి-కణం చక్కెరను పట్టుకుంటే ప్రోటీను కూడా వెంట లోపలికి వస్తుంది, ఆ ప్రోటీను ముక్క చూసి టి-కణం సరేనంటుంది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన ఇలాంటి టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చింది. ఆరు నెలల బిడ్డకు కూడా అది వేయవచ్చు. కణాల మధ్య ఒప్పందాన్ని అర్థం చేసుకుని, దానికి తగ్గట్టు మనిషి చేసిన పనితనం ఇది.

బిళ్ళలో ఇంకో మార్పు కూడా జరుగుతుంది. ఇప్పటిదాకా కొస మారింది, కాడ కదల్లేదు. ఇప్పుడు కొస అలాగే ఉండి కాడ మారుతుంది. ప్రతి బి-కణమూ మొదట చేసేది ఐజీఎం. ఐదు అణువులు ఒకటిగా కలిసి పది చేతులతో ఉండే రకం ఇది. ఒక్కో చేతి పట్టు ఇంకా పదునెక్కని తొలిరోజుల్లో చేతుల సంఖ్యే ఆదుకుంటుంది. తర్వాత అదే ఏఐడీ ఎంజైమ్ సాయంతో కణం డీఎన్ఏను మళ్ళీ కోసి, కొస జన్యువును వేరే కాడ జన్యువు పక్కకు చేరుస్తుంది. ఐజీజీ రక్తంలో తిరుగుతుంది. ఐజీఏ జంటగా కలిసి కన్నీళ్ళలోకి, పేగుల్లోకి, ముర్రుపాలలోకి పోతుంది. ఐజీఈ కాడ మాస్ట్ కణాలకు అంటుకుని నులిపురుగుల మీద యుద్ధానికి సిద్ధంగా ఉంటుంది, పుప్పొడి మీదికి తిరిగితే తుమ్ములూ ఉబ్బసమూ తెస్తుంది.

చివరికి కొన్ని బి-కణాలు ప్లాస్మా కణాలవుతాయి. కేంద్రకం ఒక పక్కకు తోసుకుపోయి, కణం నిండా ప్రోటీన్లు మడిచే పొరలే పేర్చుకుంటాయి. ఒక్కో కణం సెకనుకు వేలకొద్దీ యాంటీబాడీలను బయటికి పంపుతుంది. ఆ వేగంలోనూ తనిఖీ తప్పదు. బరువు గొలుసులోని ఒక ముడత, తేలిక గొలుసు వచ్చి ఆనేదాకా ముడత పడదు. అంతవరకూ బిప్ అనే ప్రోటీను దాన్ని పట్టుకుని బయటికి పోనివ్వదు. జత కుదరని గొలుసు గడప దాటదు. కొన్ని ప్లాస్మా కణాలు మజ్జలో చేరి ఏళ్ళ తరబడి బతుకుతాయి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాను చిన్నతనంలో చూసినవాళ్ళ రక్తంలో దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత కూడా ఆ వైరస్‌ను పట్టే యాంటీబాడీలు ఉన్నాయని 2008లో తేలింది.

ఇంత కట్టుదిట్టంలోనూ గురి తప్పుతుంది. మయస్థీనియా గ్రావిస్ అనే జబ్బులో యాంటీబాడీలు నరం నుంచి కండరానికి సంకేతం అందే గ్రాహకాన్నే పట్టుకుంటాయి. రెప్పలు వాలిపోతాయి, నమలడం కష్టమవుతుంది. తప్పంతా కొసది. కాడ తన పని ఎప్పటిలాగే చేస్తుంది. ఆ జబ్బున్న తల్లులకు పుట్టిన బిడ్డల్లో కొందరు కొద్ది వారాలు నీరసంగా పాలు తాగలేకపోవడం, ఆ తర్వాత పూర్తిగా కోలుకోవడం వైద్యులు చూస్తుంటారు. మావి దాటి వచ్చిన తల్లి ఐజీజీ అరిగిపోయేదాకా ఉండే బాధ అది.

పోర్టర్ కోసినట్టే యాంటీబాడీని కోసి మనుషుల ప్రాణాలు కాపాడుతున్న మందు ఒకటి మన ప్రాంతంలో ఎప్పుడూ అవసరపడుతూనే ఉంటుంది. పాముకాటుకు ఇచ్చే యాంటీవెనమ్. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, రంపపు పొలుసుల చిన్న పింజరి, ఈ నాలుగింటి విషాన్నీ గుర్రాలకు కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కిస్తారు. గుర్రం ఒంట్లో బిళ్ళలన్నీ పనిచేసి పదునైన కొసలు తయారవుతాయి. రక్తం తీసి, అందులోని యాంటీబాడీలను పెప్సిన్‌తో కోస్తారు. పపెయిన్ కీలుకు పైన కోస్తే, జీర్ణాశయంలో ఉండే పెప్సిన్ కీలుకు కింద కోస్తుంది. కాబట్టి రెండు చేతులూ విడిపోకుండా జంటగా మిగులుతాయి, గుర్రపు కాడ ముక్కలై పోతుంది. విషాన్ని రెండు చేతులతో పట్టే బలం ఉంటుంది, పరాయి కాడ తెచ్చే గొడవ తగ్గుతుంది. కాడ పోయింది కనుక సంచిలోంచి వెనక్కి తెచ్చే పట్టు కూడా పోతుంది. అందుకే ఈ మందు రక్తంలో వారాలు నిలవదు, కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. హైదరాబాద్‌లోని విన్స్ బయోప్రొడక్ట్స్ ఈ మందు తయారుచేసేవాటిలో ఒకటి.

ఈ చేతులు రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని పట్టగలవు. కట్లపాము విషం నరాల చివరలను పాడుచేశాక ఆ పాడును అవి వెనక్కి తీసుకురాలేవు. అందువల్ల కాటు పడినచోట బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషికి ధైర్యం చెప్పి, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి. మీ ఊరికి దగ్గరలో ఆ మందు ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుందో ఈ వానాకాలం రాకముందే కనుక్కుని పెట్టుకోండి.